జరీ పసుపు వెనుక ఐన్‌స్టీన్: కాంతి వేగం దగ్గర ద్రవ్యరాశి, కాలం ఏమవుతాయి?

ధర్మవరం, గద్వాల పట్టుచీరల అంచుల్లో మెరిసే జరీలో చాలా భాగం గుజరాత్‌లోని సూరత్ నుంచే వస్తుంది. పాలిస్టర్ చీరలకు, వజ్రాల సానకు పేరుపడ్డ ఈ ఊళ్లో జరీ పని మొఘలుల కాలం నాటిది. తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లిన పద్మశాలీ కుటుంబాలు ఇక్కడి మరమగ్గాల మీద ఆధారపడి తరాలుగా బతుకుతున్నాయి కాబట్టి, సూరత్ మనకు మరీ పరాయి ఊరేమీ కాదు.

అసలు జరీలో ఉండేది ప్రధానంగా వెండి. వెండిని సన్నని తీగగా సాగదీసి, చదును చేసి, పట్టు దారానికి చుట్టి, చివర్లో బంగారు పూత పూస్తారు. బరువంతా వెండిది, పేరు మాత్రం బంగారానిది. ధర పెరిగేకొద్దీ రాగి తీగ జరీ, ప్లాస్టిక్ జరీ ఆ చోటును ఆక్రమించాయి. ప్లాస్టిక్ జరీలో పసుపు రంగు కలిపినది. అసలు జరీలో ఆ పసుపు ఎవరూ కలపలేదు. మరి ఎక్కడి నుంచి వచ్చింది?

ఇది తేలిక ప్రశ్నలా కనిపిస్తుంది కానీ కాదు. ఆవర్తన పట్టికలో వెండికి సరిగ్గా కింది గడిలోనే బంగారం ఉంటుంది. రెండింటి బయటి ఎలక్ట్రాన్ల అమరిక ఒకే తీరులో ఉంటుంది. ఆ లెక్కన బంగారం కూడా తెల్లగా, వెండిలాగే ఉండాలి. అలా లేకపోవడానికి కారణం 1905లో ఐన్‌స్టీన్ ప్రతిపాదించిన ప్రత్యేక సాపేక్ష సిద్ధాంతం.

బంగారం కేంద్రకంలో 79 ప్రోటాన్లు ఉంటాయి. ఆ ఆకర్షణకు తట్టుకోవాలంటే అతి దగ్గరి ఎలక్ట్రాన్లు విపరీతమైన వేగంతో కదలాలి. ఆ వేగాన్ని ఉజ్జాయింపుగా లెక్కగట్టడం సులువు: ప్రోటాన్ల సంఖ్యను 137తో భాగిస్తే చాలు. బంగారానికి అది కాంతి వేగంలో 58 శాతం, అంటే సెకనుకు దాదాపు 1,73,000 కిలోమీటర్లు. వెండికి 34 శాతమే.

ఆ వేగంలో బంగారం ఎలక్ట్రాన్ 22 శాతం బరువెక్కినట్టు ప్రవర్తిస్తుంది. వెండిలో ఇది 6 శాతం. బరువెక్కిన ఎలక్ట్రాన్ కేంద్రకానికి మరింత దగ్గరగా జరుగుతుంది. బయటి 6ఎస్ ఎలక్ట్రాన్ కూడా అప్పుడప్పుడు కేంద్రకం దాకా వచ్చిపోతుంది కాబట్టి దాని కక్ష్యా కుంచించుకుపోయి శక్తి స్థాయి దిగుతుంది. దాని కింద ఉన్న 5డి స్థాయి మాత్రం కొంచెం పైకి లేస్తుంది. రెండింటి మధ్య ఎడం తగ్గుతుంది. వెండిలో ఆ ఎడం దాటాలంటే అతినీలలోహిత కాంతి కావాలి, అది మన కంటికి ఆనదు. బంగారంలో నీలి కాంతి సరిపోతుంది. నీలాన్ని బంగారం మింగేస్తే, తిరిగి వచ్చే వెలుగు మనకు పసుపుగా కనిపిస్తుంది. (రాగి రంగు మాటేమిటని అడగొచ్చు. రాగిలో ఆ ఎడం సహజంగానే తక్కువ, అక్కడ సాపేక్షత పాత్ర స్వల్పం.)

అణువుల నిర్మాణంలో సాపేక్షతకు పెద్ద పాత్ర లేదని 1929లో పాల్ డిరాక్ అంతటివాడే అనుకున్నాడు. 1970లలో పెక్కా ప్యూక్కో వంటి రసాయన శాస్త్రవేత్తలు వేసిన లెక్కలు ఆ అభిప్రాయాన్ని మార్చేశాయి. స్కూటర్‌లోని సీసం బ్యాటరీ వోల్టేజీలో ఎక్కువ భాగం ఈ ప్రభావం వల్లే వస్తోందని 2011లో తేలింది.

ఇక్కడ ‘బరువెక్కినట్టు’ అని రాయడానికి కారణం ఉంది. వేగం పెరిగితే ద్రవ్యరాశి పెరుగుతుందని మన పాఠ్యపుస్తకాలు చెబుతూ వచ్చాయి. ఈ మాట సౌకర్యం కోసం పుట్టిందే తప్ప, ఎలక్ట్రాన్ లోపల కొత్త పదార్థమేదీ చేరదు. దానితో సమానంగా ప్రయాణించే మనిషికి దాని ద్రవ్యరాశి ఎప్పుడూ ఒకటే. పెరిగేవి శక్తి, ద్రవ్యవేగం.

పైగా ఆ పెరిగిన ‘బరువు’ ఒక్క అంకె కూడా కాదు. 58 శాతం వేగంతో పోతున్న ఎలక్ట్రాన్‌ను పక్కకు తోస్తే 22 శాతం ఎక్కువ మొరాయిస్తుంది. అదే దిశలో ముందుకు తోస్తే 83 శాతం ఎక్కువ మొరాయిస్తుంది. ఒకే వస్తువుకు రెండు ద్రవ్యరాశులా? ఈ గందరగోళం తెలిసే ఐన్‌స్టీన్ 1948లో లింకన్ బార్నెట్‌కు రాసిన ఉత్తరంలో, కదిలే వస్తువుకు వేరే ద్రవ్యరాశి అనే భావన మంచిది కాదన్నాడు. అయినా పరీక్షల్లో ఆ ప్రశ్న ఇప్పటికీ వస్తూనే ఉంది!

వేగం 90 శాతమైతే ఈ గుణకం 2.3, 99 శాతమైతే 7, 99.99 శాతమైతే 70. కాంతి వేగాన్ని అందుకోవాలంటే అనంతమైన శక్తి కావాలి. ద్రవ్యరాశి ఉన్న ఏ వస్తువూ ఆ గీత దాటలేకపోవడానికి కారణం అదే.

కాలం సంగతి బంగారాన్ని అడిగి తెలుసుకోలేం. ఎలక్ట్రాన్‌కు ఆయుష్షు అంటూ లేదు కాబట్టి దానికి కాలం మందగించిందో లేదో కొలవడానికి గడియారం దొరకదు. ఆ గడియారం మ్యూయాన్ దగ్గర ఉంది. ఇది ఎలక్ట్రాన్‌కు 207 రెట్లు బరువైన కణం. నిలకడగా ఉన్నప్పుడు దీని సగటు ఆయుష్షు సెకనులో 10 లక్షల వంతులు రెండూ చిల్లర: 2.2 మైక్రోసెకన్లు.

అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు గాలిని ఢీకొన్నప్పుడు, దాదాపు 15 కిలోమీటర్ల ఎత్తులో మ్యూయాన్లు పుడతాయి. కాంతి వేగంతో పరుగెత్తినా 2.2 మైక్రోసెకన్లలో 660 మీటర్లు మించి రాలేవు. లెక్క ప్రకారం నేలకు చేరేవి దాదాపు ఉండకూడదు. కానీ చేరుతున్నాయి. అరచేయి చాపితే సెకనుకు సుమారు ఒక మ్యూయాన్ దానిలోంచి దూసుకుపోతుంది. సూరత్‌లోనైనా సిరిసిల్లలోనైనా ఇంతే.

మన కొలతలో వాటి కాలం సాగింది. ఇదే విషయాన్ని సెర్న్ శాస్త్రవేత్తలు వలయంలో మ్యూయాన్లను తిప్పి నిర్ధారించి, 1977లో ఫలితం ప్రకటించారు. కాంతి వేగంలో 99.94 శాతం వేగంతో తిరిగిన మ్యూయాన్లు 64 మైక్రోసెకన్లు బతికాయి. సాపేక్ష సిద్ధాంతం చెప్పిన 29 రెట్లు సరిగ్గా సరిపోయాయి.

మన దేశంలో మ్యూయాన్లను వెతికిన చోటు కూడా బంగారంతో ముడిపడినదే. చిత్తూరు సరిహద్దుకు దగ్గర్లోని కోలార్ బంగారు గనుల్లోకి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ శాస్త్రవేత్తలు 1950ల నుంచి పరికరాలు దించి, లోతుకు వెళ్లేకొద్దీ మ్యూయాన్ల సంఖ్య ఎలా తగ్గుతుందో లెక్కించారు.

మ్యూయాన్‌కు మాత్రం ఇందులో వింతేమీ తెలియదు. దాని గడియారం ఎప్పటిలాగే నడుస్తుంది. తన ఆయుష్షు పెరిగిందనీ దానికి అనిపించదు. దాని కొలతలో మారింది దూరం: గుణకం 40 ఉన్న మ్యూయాన్‌కు 15 కిలోమీటర్ల ఆకాశం 375 మీటర్లకు కుంచించుకుపోతుంది.