ఇంజన్ దించారా? మళ్లీ ఎక్కించేలోపు ఈ పనులు చూసుకోండి

ఈ ఎపిసోడ్‌ని నేను చేసిన ఒక తెలివితక్కువ పనితో మొదలుపెడతా.

మా ఇంట్లో ఒక డీజిల్ కారు ఉంది. నాన్న దాన్ని ట్రావెల్స్‌కి తిప్పుతారు. అంటే అది షెడ్డులో ఉన్నన్ని రోజులూ ఇంట్లోకి పైసా రాదు. అలాంటి కారు నాలుగు నెలల తేడాలో రెండుసార్లు షెడ్డెక్కింది. మొదటిసారి రిపేరు తప్పలేదు. రెండోసారి మాత్రం పూర్తిగా నా తప్పే.

ఏం జరిగిందంటే, మే నెల ఎండలో హైవే మీద కూలెంట్ పైపు పగిలింది. టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది. ఆపాల్సింది పోయి, "బంకు దాకా వెళ్దాంలే" అని నడిపాను. హెడ్ గ్యాస్కెట్ పోయింది, కంప్రెషన్ పడిపోయింది. విజయవాడ ఆటోనగర్‌లో తెలిసిన మేస్త్రి దగ్గరికి లాక్కెళ్లాం. ఇంజన్ దించాలి, హెడ్ ఫేసింగ్‌కి, బ్లాక్ బోరింగ్‌కి లేత్‌కి పంపాలి అన్నారు. సరే అన్నాం.

పని మధ్యలో ఆయన ఫోన్ చేశారు. "తమ్ముడూ, గేర్‌బాక్స్ విడిగానే ఉంది కదా, వెనక ఆయిల్ సీలు, క్లచ్ సెట్టు కూడా మార్చేద్దామా?" అని. నేనేమన్నానో తెలుసా? "ఇప్పుడు బాగానే ఉన్నాయి కదన్నా, బిల్లు ఇప్పటికే ఎక్కువైంది, తర్వాత చూద్దాం."

ఆ 'తర్వాత' నాలుగు నెలలకే వచ్చింది. సీలు దగ్గర ఆయిల్ కారి క్లచ్ ప్లేట్ మీద పడింది. ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఇంజన్ అరుస్తుంది గానీ బండి కదలదు. మళ్లీ గేర్‌బాక్స్ దించాలి. లేబర్ 6,500 రూపాయలు, మూడు రోజులు బండి షెడ్డులో. పైగా అప్పటిదాకా బాగున్న క్లచ్ ప్లేట్ కూడా ఆయిల్ తాగేసి పనికిరాకుండా పోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అన్నమాట.

అందుకే ఈ రోజు టాపిక్ ఇది: ఇంజన్ బయట ఉన్నప్పుడు ఇంకా ఏమేం చేయించాలి, ఏవి ముట్టుకోకూడదు.

ముందు అసలు లెక్క అర్థం చేసుకుందాం. ఇంజన్ దించడం అంటే కూలెంట్ తీయాలి, ఆయిల్ తీయాలి, డ్రైవ్ షాఫ్ట్‌లు లాగాలి, వైర్లు, పైపులు అన్నీ విప్పాలి. ఈ లేబర్ మీరు ఎలాగూ ఇచ్చేశారు. ఇప్పుడు లోపలున్న పార్టుకి పార్టు ధర మాత్రమే అవుతుంది. రేపు అదే పార్టు పోతే, పార్టు ధరతో పాటు ఈ విప్పుడు ఖర్చంతా మళ్లీ కట్టాలి.

అలాగని కనిపించినవన్నీ మార్చేయమని కాదు. ప్రతి పార్టుకీ మూడు ప్రశ్నలు వేసుకోండి. ఒకటి, ఇంజన్ లోపలే ఉంటే దీన్ని అందుకోవడం కష్టమా? రెండు, ఇది రబ్బరు లేదా అరిగే పార్టా? మూడు, ఇది పోతే కొత్తగా చేయించిన ఇంజన్ పాడవుతుందా? మూడింటిలో రెండింటికి 'అవును' వస్తే మార్చేయండి. లేకపోతే చెక్ చేయించి వదిలేయండి.

ఇప్పుడు ఒక్కో వైపు నుంచి వెళ్దాం. మొదట గేర్‌బాక్స్ వైపు.

ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్యలో ఫ్లైవీల్, క్లచ్ ఉంటాయి. క్రాంక్ షాఫ్ట్ వెనక చివర ఒక రబ్బరు సీలు ఉంటుంది, ఇంజన్ ఆయిల్ బయటికి రాకుండా ఆపేది అదే. నన్ను ముంచింది ఇదే. ఇంజన్ బాగా వేడెక్కిందంటే ఈ సీళ్లలో రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది. ఇవాళ కారకపోవచ్చు, కానీ రేపటికి గ్యారంటీ లేదు. మొత్తం బిల్లుతో పోలిస్తే దీని ఖర్చు ఏ మూలకీ రాదు. ఆలోచించకుండా మార్చండి. ముందు వైపు క్రాంక్ సీలు, గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ సీలు, డ్రైవ్ షాఫ్ట్ సీళ్లు కూడా ఇదే లెక్క.

క్లచ్ సెట్టు అంటే మూడు: క్లచ్ ప్లేట్, ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్. ప్లేట్ సగానికి పైగా అరిగి ఉంటే మూడూ కలిపి మార్చడమే మంచిది. ప్లేట్ ఒక్కటే మార్చి పాత బేరింగ్ ఉంచితే, బేరింగ్ అరిచిన రోజు మళ్లీ గేర్‌బాక్స్ దించాలి. కొన్ని కార్లలో క్లచ్‌ని నొక్కే హైడ్రాలిక్ సిలిండర్ కూడా గేర్‌బాక్స్ గూడు లోపలే ఉంటుంది. అలాంటి కారైతే అది కూడా ఇప్పుడే చూసుకోండి.

ఫ్లైవీల్ ముఖం మీద నీలం మచ్చలు, చిన్న పగుళ్లు ఉన్నాయేమో చూడమనండి. మామూలు ఫ్లైవీల్ అయితే ఫేసింగ్ చేయించొచ్చు. కొన్ని డీజిల్ కార్లలో డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ ఉంటుంది, అంటే మధ్యలో స్ప్రింగులతో రెండు ముక్కలుగా ఉండేది. దాన్ని మామూలు ఫ్లైవీల్‌లా లేత్ మీద పెట్టేయకూడదు. ఆట ఎక్కువుంటే మార్చడమే.

ఇక డ్రైవ్ షాఫ్ట్ లాగినప్పుడు చాలా కార్లలో గేర్ ఆయిల్ ఎలాగూ కారిపోతుంది. పాతదాన్ని పట్టి మళ్లీ పోయనివ్వకండి, మీ కారు మాన్యువల్‌లో చెప్పిన గ్రేడ్ కొత్తది పోయించండి.

రెండోది టైమింగ్ వైపు. మీ ఇంజన్‌లో బెల్టు ఉందా, చెయినా అనేది ముందు తెలుసుకోండి. ఉదాహరణకి, స్విఫ్ట్, డిజైర్ లాంటి కార్లలో వచ్చిన 1,248 సీసీ డీజిల్ ఇంజన్‌లో చెయిన్ ఉంటుంది. పాత ఇన్నోవా 2.5 లీటర్ డీజిల్‌లో బెల్టు, తర్వాత వచ్చిన క్రిస్టా 2.4 లీటర్‌లో చెయిన్.

బెల్టు అయితే, దాని గడువు దగ్గర పడినా, ఎప్పుడు మార్చారో రికార్డు లేకపోయినా, ఇప్పుడే మార్చండి. చాలా ఇంజన్లలో నడుస్తుండగా బెల్టు తెగితే పిస్టన్లు వెళ్లి వాల్వులకి కొట్టుకుంటాయి. అప్పుడు మీరు చేయించిన హెడ్ పని మొత్తం వృథా. బెల్టుతో పాటు టెన్షనర్, ఐడ్లర్ బేరింగులు కూడా సెట్టుగా మార్చండి. చెయిన్ అయితే "లైఫ్ లాంగ్" అని వదిలేయకండి. అది సాగుతుంది. పొద్దున స్టార్ట్ చేయగానే కొన్ని సెకన్లు గలగలమని చప్పుడొచ్చిందంటే చెయిన్ గానీ టెన్షనర్ గానీ అరిగిందని అనుమానించాలి. చెయిన్, టెన్షనర్, గైడ్లు మూడూ చూడాలి.

మూడోది నీళ్ల వైపు, అంటే కూలింగ్ సిస్టమ్. నా కథ మొదలైందే ఇక్కడ కదా, అందుకే కొంచెం ఆగి చెప్తా.

వాటర్ పంప్ బాడీకి చాలా వాటిలో ఒక చిన్న రంధ్రం ఉంటుంది. దాని కింద ఎండిపోయిన కూలెంట్ మరక కనిపిస్తే లోపల సీలు పోతోందని అర్థం. టైమింగ్ బెల్టు ఉన్న చాలా ఇంజన్లలో పంపుని తిప్పేది కూడా ఆ బెల్టే, కాబట్టి రెండూ ఒకేసారి మార్చడం తెలివైన పని. థర్మోస్టాట్ వాల్వ్ కొత్తది వేయించండి. కొంతమంది దాన్ని తీసి పారేస్తారు, "మన ఎండలకి అక్కర్లేదు" అని. అది తప్పు. థర్మోస్టాట్ లేకపోతే ఇంజన్ సరైన వేడికి రావడానికి ఆలస్యమవుతుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది. కొన్ని ఇంజన్లలో కూలెంట్ తిరగాల్సిన దారే మారిపోతుంది.

రబ్బరు పైపులు వేలితో నొక్కి చూడండి. పటపటలాడినా, మరీ మెత్తగా ఉబ్బినా మార్చేయండి. బ్లాక్ పక్కన గుండ్రటి రేకు మూతల్లా కోర్ ప్లగ్స్ ఉంటాయి. తుప్పు పట్టి వాటి నుంచే నీళ్లు కారడం మామూలే, ఇంజన్ లోపల ఉంటే కొన్నింటికి చెయ్యి కూడా పట్టదు. రేడియేటర్ ఫ్లష్ చేయించండి. కూలెంట్‌లో బోరు నీళ్లు కలపకండి, లోపల గార కడుతుంది. రెడీమేడ్ కూలెంట్ అయితే అలాగే పోయాలి, కాన్సంట్రేట్ అయితే డిస్టిల్డ్ వాటర్‌తో, మామూలుగా సగానికి సగం.

నాలుగోది ఆయిల్ వైపు. ఆయిల్ చాంబర్ విప్పి అడుగున ఉన్న మడ్డి కడిగించండి. ఆయిల్ పంపు పీల్చే చోట జాలీ ఉంటుంది, అది మూసుకుపోతే కొత్త బేరింగులకి ఆయిల్ అందదు. టర్బో ఉంటే దానికి ఆయిల్ వెళ్లే సన్నటి పైపు కూడా శుభ్రం చేయించండి, అందులో కార్బన్ గట్టిగా పేరుకుంటుంది. డీజిల్ ఇంజెక్టర్ల కింద రాగి వాషర్లు ఉంటాయి, పాతవి మళ్లీ వేయకూడదు. చాలా ఇంజన్లలో హెడ్ బోల్టులు కూడా ఒక్కసారి వాడేవే. మాన్యువల్ మార్చమంటే మార్చాల్సిందే.

ఐదోది, అందరూ మర్చిపోయేది: ఇంజన్ లేని ఖాళీ గది. బానెట్ కింద ఇంత చోటు మీకు మళ్లీ దొరకదు. ముందు బాగా కడిగించండి, వైర్ల సాకెట్లకి కవర్లు కట్టి. తర్వాత ఫోన్ టార్చ్ వేసి చూడండి. బ్రేకు పైపుల మీద తుప్పు ఉందా? డీజిల్ పైపులు పగిలాయా? స్టీరింగ్ ర్యాక్ రబ్బరు బూట్లు, డ్రైవ్ షాఫ్ట్ బూట్లు చిరిగాయా? వైర్లని ఎలుకలు కొరికాయా? మా కారులో వైర్ల కట్ట వెనకాల ఒక చోట రాగి బయటపడి ఉంది. ఇంజన్ ఉండగా అది అసలు కనిపించేదే కాదు. ఎర్త్ వైరు బిగించే చోట తుప్పు గీకించండి. రిపేరు తర్వాత వచ్చే పిచ్చి పిచ్చి సెన్సర్ లైట్లు కొన్ని అక్కడి నుంచే వస్తాయి.

ఇంజన్ మౌంటింగులు, మన షెడ్లలో ఫౌండేషన్లు అంటారు, రబ్బరు పగిలి ఉంటే ఇప్పుడే మార్చండి. కొత్త ఇంజన్ పని చేయించి పాత ఫౌండేషన్ల మీద కూర్చోబెడితే బండి వణుకుతుంది, "పని సరిగ్గా చేయలేదు" అని మేస్త్రిని తిడతాం. స్టార్టర్, ఆల్టర్నేటర్ చేతిలోనే ఉంటాయి కాబట్టి బ్రష్షులు, బేరింగులు చూపించండి.

సరే, ఇప్పుడు ముట్టుకోకూడనివి. గేర్లు సాఫీగా పడుతూ, చప్పుడు లేకుండా ఉన్న గేర్‌బాక్స్‌ని "ఎలాగూ బయట ఉంది కదా" అని విప్పించకండి. సీళ్లు, ఆయిల్ వరకే. ఏసీ బాగా పనిచేస్తుంటే గ్యాస్ లైన్ విప్పొద్దు. చాలా కార్లలో కంప్రెసర్‌ని పైపులతో సహా పక్కకి కట్టేసి ఇంజన్ దించొచ్చు, ముందే అడగండి. టర్బో షాఫ్ట్ ఆట చూసి, బాగుంటే వదిలేయండి. బాగున్నదాన్ని కెలికి కొత్త జబ్బు తెచ్చుకోవద్దు.

డబ్బులు తక్కువుంటే? నాకూ అదే సమస్య. అందుకే వరుస పెట్టుకోండి. మొదట సీళ్లు, గ్యాస్కెట్లు, థర్మోస్టాట్, పైపులు. తర్వాత టైమింగ్ సెట్టు, వాటర్ పంపు. ఆ తర్వాత క్లచ్, ఫౌండేషన్లు. ఆల్టర్నేటర్ లాంటివి చివర, ఎందుకంటే అవి చాలా కార్లలో ఇంజన్ దించకుండానే తర్వాత చేయించుకోవచ్చు.

మీ ఫోన్‌తో చేయాల్సిన పని కూడా ఉంది. విప్పక ముందే వైర్లు, పైపులు ఎక్కడెక్కడ ఉన్నాయో వీడియో తీయండి. బ్లాక్ లేత్‌కి వెళ్లే ముందు ఇంజన్ నంబరు ఫొటో తీసి ఆర్సీతో సరిచూసుకోండి. ఒకవేళ బ్లాకే మార్చాల్సి వస్తే నంబరు మారుతుంది, అప్పుడు ఆర్టీఏ ఆఫీసులో ఆర్సీలో మార్పించుకోవాలి. మార్చిన పాత పార్టులు, కొత్తవాటి బిల్లులు అడిగి తీసుకోండి.

ఇంజన్ ఎక్కించాక తొందరపడకండి. ముందు ఇంజన్ స్టార్ట్ కాకుండా కొంచెంసేపు క్రాంక్ చేయించి ఆయిల్ ప్రెషర్ రానివ్వాలి. కూలెంట్‌లో గాలి బయటికి పోయేదాకా నింపాలి. రేడియేటర్ ఫ్యాను తిరిగేదాకా చూసి, కింద ఏమైనా కారుతుందేమో అట్ట వేసి చూడండి. బోరింగ్ పని చేయించిన ఇంజన్‌కి మొదటి 1,000 కిలోమీటర్లు లోడు, స్పీడు తక్కువ, ఆ తర్వాత ఆయిల్, ఫిల్టర్ మార్పు.

రెండోసారి బిల్లు కట్టి వస్తుంటే నాన్న నన్ను తిట్టలేదు. "మొదటిసారి ఆ అబ్బాయి అడిగినప్పుడు నాకో మాట చెప్పాల్సింది రా" అన్నారు, అంతే. ఆ మాట తిట్టు కంటే ఎక్కువ తగిలింది. ఆ మూడు రోజులూ ఆయనకి ట్రిప్పులు లేవు మరి.

కాబట్టి మీ మేస్త్రి ఫోన్ చేసి "ఇది కూడా మార్చేద్దామా" అంటే, వెంటనే కాదనకండి, వెంటనే సరే అని కూడా అనకండి. ఆ మూడు ప్రశ్నలు వేసుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.