చేను తెలిసిన బిడ్డకు చదువు



పదవ తరగతి ఫలితాలు వచ్చిన వారములో పల్లె పాస్టర్ల ఇళ్లకు తల్లిదండ్రుల రాకపోకలు ఎక్కువ. "అయ్యగారూ, పిల్లోణ్ణి ఏ గ్రూపులో వెయ్యమంటారు?" అని అడుగుతారు. ఎం.పి.సి.యా, బై.పి.సి.యా అన్నదే వారి ప్రశ్న. మేము వ్యవసాయము అనే మాట ఎత్తామంటే చాలు, తండ్రి ముఖము చిన్నబోతుంది. "మేము పడ్డ కష్టం చాలదా అయ్యగారూ, వాడు కూడా బురదలోనే ఉండాలా?" అంటాడు.

ఆ మాటను మేము తేలికగా తీసివేయము. మన సంఘాలలో సెంటు భూమి కూడా లేని కుటుంబాలు అనేకము. తాతల కాలమునుండి వారు ఇతరుల పొలాలలో నాట్లు వేసి, కలుపు తీసి, కోతలు కోశారు. వారి దృష్టిలో వ్యవసాయమంటే కూలి. ఆ కూలినుండి తప్పించడానికే కదా బిడ్డను బడికి పంపింది! అయితే వ్యవసాయపు కూలి వేరు, వ్యవసాయపు చదువు వేరు. ఒక పనిని ఉదాహరణగా తీసుకుంటే ఈ తేడా తెలుస్తుంది.

కర్నూలు, గద్వాల ప్రాంతాల పత్తి విత్తన చేలలో "క్రాసింగ్" అనే పని ఉంది. మరునాడు విచ్చుకోబోయే మొగ్గను సాయంత్రము పూట ఒలిచి, లోపలి పుప్పొడి తిత్తులను జాగ్రత్తగా తీసివేయాలి. మధ్యనున్న కీలము విరగకూడదు. గుర్తు పెట్టి వదలి, తెల్లవారిన తరువాత మగ మొక్కలనుండి పువ్వులు కోసుకొచ్చి, వాటి పుప్పొడిని ఆ కీలానికి అద్దాలి. ఒక్క చేనులో ఇట్లా వేలకొలది పువ్వులు. వేళ్లు సన్నగా ఉంటాయని, కూలి తక్కువని, ఎన్నో ఏళ్లు ఈ పనికి ఆడపిల్లలను బడి మాన్పించి పెట్టారు. అది దేశ విదేశాలలో చర్చకు వచ్చింది కూడా.

ఇదే పనిని వ్యవసాయ కళాశాలలో "సంకరణము" అనే పేరుతో ప్రాక్టికల్‌గా నేర్పి మార్కులు వేస్తారు. వాణిజ్య సాగుకు వచ్చిన ప్రపంచపు తొలి పత్తి హైబ్రిడ్ హెచ్-4. దానిని 1970లో గుజరాత్‌లోని సూరత్ పరిశోధన కేంద్రమునుండి సి.టి. పటేల్‌గారు విడుదల చేశారు. అటువంటి విత్తనము ఏటేటా రైతుకు అందుతున్నదంటే, ఇట్లా చేతితో పుప్పొడి అద్దేవారు ఉండబట్టే. చేలో పని చేసిన పిల్లకు పని తెలుసు. ఎందుకు చేస్తున్నదో ఆమెకు ఎవరూ చెప్పలేదు. అదే పని కారణముతో సహా నేర్చుకొని, చేతిలో డిప్లొమా ఉన్నవాడు అదే చేనుకు సూపర్‌వైజరుగా వస్తాడు. మన బిడ్డలకు చేతి పని కొరత ఏనాడూ లేదు. లేనిదల్లా ఆ కారణము, ఆ కాగితము.

యెషయా గ్రంథము 28వ అధ్యాయము చివరి భాగము చదివినవారికి ఈ మాట కొత్తగా ఉండదు. జీలకర్రను బండి చక్రముతో నూర్చరు, కర్రతో దులుపుతారు. ఏ గింజకు ఏ పద్ధతో రైతుకు తెలిపినవాడు దేవుడేనని ప్రవక్త అక్కడ వివరిస్తాడు. మిషనరీలలోనూ దీనిని గ్రహించినవారు ఉన్నారు. 1903లో మన దేశానికి వచ్చిన శామ్ హిగ్గిన్‌బాటమ్‌గారికి అలహాబాదు క్రైస్తవ కళాశాలలో అర్థశాస్త్రము బోధించే పని ఇచ్చారు. పల్లెల పేదరికము చూశాక ఆయన తిరిగి అమెరికా వెళ్లి, తానే విద్యార్థిగా కూర్చొని వ్యవసాయము చదువుకున్నారు. 1910లో అలహాబాదులో ఆరంభమైన ఆ వ్యవసాయ విద్యాలయము నేడు ఆయన పేరుతోనే విశ్వవిద్యాలయముగా ఉంది.

పిల్లల చేత మట్టిపని చేయిస్తే అదే చదువైపోతుందా? కాదు. కొన్ని హాస్టళ్లలో తోటపనిని శిక్షగా వేసేవారు. ఆలస్యముగా వచ్చినవాడికి గునపము, పాఠము అప్పజెప్పనివాడికి నీళ్ల బిందె. అట్లా పెరిగినవాడు మొక్కను చూస్తే మొహము తిప్పుకోడా మరి?

ఈ చిక్కుకు అమెరికాలో ఒక విద్యావేత్త కనిపెట్టిన ఉపాయము మనకూ పనికివస్తుంది. మసాచుసెట్స్ రాష్ట్రములోని నార్తాంప్టన్‌లో 1908లో ఒక వ్యవసాయ పాఠశాల తెరిచినప్పుడు, దాని డైరెక్టరు రూఫస్ స్టిమ్సన్ పిల్లలకు "ఇంటి ప్రాజెక్టు" పెట్టాడు. ప్రతి విద్యార్థి తన ఇంటి దగ్గర తన పేరిట ఒక చిన్న మడినో, నాలుగు కోళ్లనో పెంచాలి. ఖర్చు, రాబడి పుస్తకములో వ్రాయాలి. ఉపాధ్యాయుడు ఇంటికే వచ్చి చూడాలి. 1917లో అమెరికా చేసిన స్మిత్-హ్యూస్ చట్టము, ఉన్నత పాఠశాలలో వ్యవసాయము చదివే ప్రతివాడూ ఏడాదికి కనీసము ఆరు నెలలు ఇట్లాంటి పర్యవేక్షణతో కూడిన పని చేయాలని నియమము పెట్టింది. వారికి పొలాలు ఎక్కువ కాబట్టి చెల్లింది, మనకు ఎట్లా అని అడగవచ్చు. అందులోని సారము పొలము విస్తీర్ణములో లేదు, ఆ పుస్తకములో ఉంది.

పెరట్లో ఒక సెంటు చాలు. అదీ లేకపోతే ఆరు నాటుకోళ్లు. మీ తొమ్మిదో తరగతి పిల్లవాడికో, పిల్లకో దానిని అప్పగించండి. విత్తనానికి ఎంత, దాణాకు ఎంత, ఎన్ని గుడ్లు, ఎన్ని కిలోల వంకాయలు, అన్నీ తేదీతో వ్రాయించండి. వాడు పని చేసిన గంటలకు కూడా కూలి కట్టి ఖర్చులో వ్రాయమనండి. ఇది ముఖ్యము. మన రైతుల లెక్కలలో ఎన్నడూ కనిపించనిది ఇంటివారి కష్టమే. అది కలిపాక నష్టము తేలితే తేలనివ్వండి. రెండు వందల రూపాయల దగ్గర ఆ సంగతి తెలుసుకున్నవాడు, రేపు రెండు లక్షల అప్పు చేసి కౌలుకు దిగబోయే ముందు కాగితము, కలము తీస్తాడు. అప్పులకు తాళలేక పురుగుమందు తాగిన ఇళ్లను మన పల్లెలలో చూశాము కాబట్టి ఈ మాట చెప్పుచున్నాము. పురుగుమందుల దగ్గరకు మాత్రము పిల్లలను పోనివ్వకండి. పిచికారీ పని వారిది కాదు.

బడిలో చెప్పిన లెక్కలకు, సైన్సుకు ఆ మడిలోనే పని దొరుకుతుంది. యూరియాలో నత్రజని 46 శాతము. 45 కిలోల బస్తాలో ఎంత? 20 కిలోల 700 గ్రాములు. ఎకరాకు ఇంత నత్రజని అని సిఫారసు చదివి, ఎన్ని బస్తాలో కట్టగలిగిన పిల్లవాడు తండ్రికి డబ్బు మిగులుస్తాడు. నూరు వరి గింజలు లెక్కపెట్టి తడి గోనెలో చుట్టి ఉంచితే, వారము పది రోజులలో ఎన్ని మొలిచాయో తెలుస్తుంది. ధ్రువీకరించిన వరి విత్తనానికి కనీసము 80, వేరుశనగకు 70 మొలవాలన్నది నిర్ణయించిన ప్రమాణము. తక్కువ మొలిస్తే చేలో చల్లకముందే మేల్కొనవచ్చు. మట్టి పరీక్షకు నమూనా తీయడమూ పిల్లలు చేయదగినదే. గట్ల పక్కన, చెట్ల నీడన, పెంట కుప్పల దగ్గర వదిలి, ఎనిమిది పది చోట్ల ఆరంగుళాల లోతున "వి" ఆకారములో తవ్విన మట్టి తీసి కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసివేస్తూ అరకిలోకు తేవాలి. 2015నుండి ప్రభుత్వము ఇచ్చిన భూసార పత్రాలు ఎన్నో ఇళ్లలో పెట్టెల అడుగున ఉన్నాయి. వాటిని చదివి తండ్రికి చెప్పే పని పిల్లకు అప్పగించండి.

చర్చి కాంపౌండులో ఖాళీ స్థలము ఉన్న సంఘాలు యౌవనస్థులకు తలా ఒక మడి ఇవ్వవచ్చు. ఒక్క మనవి: ఆ పంట వారిదే, పాస్టరుగారి వంటింటిది కాదు!

ఇక పదవ తరగతి తరువాత. వ్యవసాయ పాలిటెక్నిక్‌లలో రెండేళ్ల డిప్లొమా ఉంది. వ్యవసాయ ఇంజనీరింగు డిప్లొమా మూడేళ్లు. ఉద్యానము, పశుసంవర్ధకము కూడా రెండేళ్ల డిప్లొమాలే. ఆంధ్రప్రదేశ్‌లో గుంటూరు లాం లోని ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయము, వెంకటరామన్నగూడెములోని ఉద్యాన విశ్వవిద్యాలయము, తిరుపతిలోని పశువైద్య విశ్వవిద్యాలయము వీటిని చూస్తాయి. తెలంగాణలో వ్యవసాయ డిప్లొమాలు రాజేంద్రనగర్‌లోని జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయము కింద ఉన్నాయి. డిప్లొమా అయినవారు అగ్రిసెట్ వ్రాసి బి.యస్సీ. వ్యవసాయములో చేరవచ్చు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము గ్రామ వ్యవసాయ సహాయకులను తీసుకున్నప్పుడు డిప్లొమా వారికీ అర్హత ఇచ్చింది. విత్తన కంపెనీలు, నర్సరీలు, ఎరువుల దుకాణాలు ఎటూ ఉన్నాయి. సెంటు భూమి లేని ఇంటి బిడ్డకు తెరిచి ఉన్న తలుపులు ఇవి. భూమి ఉన్నవాడికే వ్యవసాయపు చదువు అనుకోవడము పొరపాటు.

ప్రైవేటు పాలిటెక్నిక్ అయితే డబ్బు కట్టకముందే దానికి విశ్వవిద్యాలయపు గుర్తింపు ఉన్నదో లేదో కనుక్కోండి. రంగుల కరపత్రము గుర్తింపు కాదు. ప్రవేశ పద్ధతి మారుతూ ఉంటుంది కాబట్టి ఆ ఏటి ప్రకటననే నమ్మండి. స్టడీ సర్టిఫికెట్లు, ఆదాయ, కుల ధ్రువపత్రాలు వేసవిలోనే తీసి ఉంచండి. ఆడపిల్లను దూరపు హాస్టలులో ఉంచాలా అని వెనకాడే తండ్రులు, ఒకసారి ఆ కళాశాలకు వెళ్లి, హాస్టలు చూసి, వార్డెనుతో మాట్లాడి, అప్పుడు నిర్ణయించండి. వెళ్లకుండానే వద్దనకండి.

అంతకంటె ముందు, దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రము చూపించండి. 1974లో పుదుచ్చేరిలో మొదటిది ఆరంభమైంది. కృష్ణా తీరమువారికి గరికపాడు, పశ్చిమ గోదావరివారికి ఉండి, సూర్యాపేట వైపు వారికి గడ్డిపల్లి ఉన్నాయి. ముందుగా అడిగి, పనిదినము చూసుకొని, ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలను తీసుకువెళ్లండి. లెక్కల పుస్తకాలు వెంట తెమ్మనండి, అక్కడి శాస్త్రవేత్తలకు చూపించి ప్రశ్నలు అడగవచ్చు. బస్సు ఛార్జీలు సంఘము పెట్టుకుంటే సరిపోతుంది.