కాగితపు కవచ బూట్ల కొలత

కాగితపు కవచ బూట్లు అనగా వీడియో గేములు, చలనచిత్రాలలోని యోధుల వేషం కొరకు దళసరి కాగితాన్ని కత్తిరించి, మడిచి, అతికించి చేసే తొడుగులు. హాలో అనే గేములోని మాస్టర్ చీఫ్ కవచం ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. జపాన్‌కు చెందిన పెపకూరా డిజైనర్ అనే సాఫ్టువేరు త్రిమితీయ నమూనాను చదునైన ముక్కలుగా విడదీసి, కోరిన పరిమాణంలో ముద్రిస్తుంది. అతికించిన ఆకృతికి రెసిన్, ఫైబర్‌గ్లాస్ పూసి గట్టిపరుస్తారు. ఆ తరువాత దానిని సాగదీయుట కుదరదు.

ఈ తొడుగును మామూలు బూటుపై వేసుకుంటారు. కావున కొలవవలసినది పాదాన్ని కాదు, బూటును. బూటు పొడవు 300 మి.మీ., వెడల్పు 110 మి.మీ. అనుకుందాం. గోడ మందానికి, ఖాళీకి కలిపి ప్రతి వైపు 10 మి.మీ. చేరిస్తే 320, 130 అవుతాయి. నమూనా పొడవు 290, వెడల్పు 110 అయినచో పొడవును బట్టి 1.10 రెట్లు, వెడల్పును బట్టి 1.18 రెట్లు పెంచాలి. పెద్ద సంఖ్యనే తీసుకోవాలి, లేనిచో బూటు దూరదు. అయితే పొడవు 342 మి.మీ. దాకా పోయి నడక కష్టమవుతుంది. అందుకు ఇష్టపడనివారు త్రిమితీయ నమూనాలోనే వెడల్పును మాత్రం పెంచి, పిమ్మట ముక్కలుగా విడదీయాలి. విడదీసిన ముక్కలను ఒకే దిశలో సాగదీస్తే కలవవలసిన అంచుల పొడవులు మారి అతకవు.

చీలమండ వద్ద చిక్కు వేరు. మడమ మీదుగా పాదం పైభాగం చుట్టుకొలత చీలమండ చుట్టుకొలత కన్నా ఎక్కువ. అందువలన తొడుగు వెనుక భాగాన్ని నిలువుగా కోసి, వెల్క్రో పట్టీతో బిగిస్తారు.

ముందుగా అడుగు ముక్కను మాత్రమే పలుచని కాగితంపై ముద్రించి, దానిపై బూటును నిలిపి చూడటం మేలు. తప్పినా పోయేది ఒకటి రెండు కాగితాలే.