ఓడల తాకిడి నుండి వంతెనల రక్షణ

ఏరు దాటి చదువునకో, పనికో పోవువారికి వంతెన నిత్యావసరము. మాన్‌కోలికిని డోంబివలికిని నడుమ ఉల్హాస్ నదిపై ఇటీవల వంతెన కట్టిరి. వంతెనపై నడచు బండ్ల బరువు పైనుండి క్రిందికి దిగును. దానిని మోయుటకే స్తంభములు నిలుపుదురు. కాని నీటిపై తేలివచ్చు ఓడ ప్రక్కనుండి కొట్టును. ఆ దెబ్బను ఆపుట యెట్లో తెలిసికొందము.

పెద్ద ఓడలు రాని నదులలో ఈ భయము లేదనుకొనరాదు. 2024 సెప్టెంబరు మొదట కృష్ణకు 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరద వచ్చెను. అందులో కొట్టుకొనివచ్చిన భారీ ఇనుప పడవలు విజయవాడ ప్రకాశం బ్యారేజీని ఢీకొనగా, గేట్లను ఎత్తుటకు తోడ్పడు కాంక్రీటు తూకపు దిమ్మెలు దెబ్బతినెను. పడవలకే అంత శక్తి యున్నచో సముద్రపు ఓడల మాట చెప్పనేల?

తాకిడి శక్తి బరువును, వేగమును బట్టి యుండును. బరువు రెండింతలైన శక్తియు రెండింతలగును. వేగము రెండింతలైనచో శక్తి నాలుగింతలగును. లక్ష టన్నుల ఓడ యనగా పదేసి టన్నుల లారీలు 10,000 ఒక్కటై వచ్చినట్లు. అట్టి ఓడ మెల్లగా కదలినను, దానికి ఎదురొడ్డి నిలువగల స్తంభమును కట్టుట మిక్కిలి కష్టము.

కావున ఇంజనీర్లు స్తంభమును బలపరచుటతో ఆగక, ఓడ అచటికి చేరకమునుపే దాని వేగమును హరించు ఉపాయములు పన్నిరి. ఇది మన మగ్గములకు క్రొత్త గాదు. నాడె విసురుగా పెట్టెలోనికి వచ్చునపుడు ప్రక్కపలక దానిని ఒత్తిపట్టి వేగము తగ్గించును. లేనిచో నాడె పగులును, పోగులు తెగును.

అమెరికాలోని ఫ్లోరిడాలో 1980 మే 9వ తేదీన గాలివానలో ఒక సరకు ఓడ సన్‌షైన్ స్కైవే వంతెనను ఢీకొనగా 35 మంది మరణించిరి. 1987లో తెరచిన క్రొత్త వంతెనకు నడిమి స్తంభముల మధ్య ఎడమును 366 మీటర్లకు పెంచిరి. ముఖ్య స్తంభముల చుట్టు రాళ్లతో దిబ్బలు పోసిరి; దారి తప్పిన ఓడ వానిపై మెట్టయెక్కి ఆగిపోవును. మరియు స్తంభములకు ముందు నీటిలో గుండ్రని బలమైన దిమ్మెలు నిలిపిరి. మన ముంబాయి అటల్ సేతువున కూడ ఓడలు పోవు తావులలో స్తంభముల నడుమ 180 మీటర్ల వరకు ఎడము విడిచిరి.

ఈ జాగ్రత్త లేనిచో ఏమగునో 2024 మార్చి 26వ తేదీన బాల్టిమోరు నగరమున తెలిసినది. దాదాపు 300 మీటర్ల పొడవుగల డాలి యను ఓడలో అర్ధరాత్రి దాటిన పిమ్మట విద్యుత్తు ఆగిపోయెను. ఒక తీగ సరిగా బిగియకపోవుటయే దానికి మూలమని దర్యాప్తులో తేలినది. తోడువచ్చిన టగ్గు పడవలు అప్పటికే మరలిపోయినవి. 1977లో తెరచిన ఆ వంతెన స్తంభములకు ఇంత పెద్ద ఓడను ఆపదగిన రక్షణ లేకుండెను. ఓడ తగిలిన కొన్ని క్షణములలోనే వంతెన కూలిపోయినది.

ఓడను నడపుచున్న పైలట్లు ముందే హెచ్చరిక పంపుటచే పోలీసులు బండ్లను ఇరుప్రక్కల నిలిపివేసిరి, ఎందరో బ్రదికిరి. కాని ఆ వార్త వంతెనపై గుంతలు పూడ్చుచుండిన పనివారికి సకాలమున అందలేదు. వారిలో ఆరుగురు మరణించిరి. వారందరును జీవనోపాధికై మెక్సికో, గ్వాటెమాలా మొదలగు దేశములనుండి వచ్చినవారే.

తల్లిదండ్రులారా, బాలబాలికలారా! రాతి దిబ్బలు, దిమ్మెలు స్తంభములను కాపాడును. టగ్గు పడవలు ఓడను దారిలో నిలుపును. వరదకు ముందే పడవలను గట్టిగా కట్టివేయుట నదీతీరవాసుల విధి. ఇవన్నియు తప్పినప్పుడు మనుష్యులను కాపాడునది హెచ్చరిక యొక్కటే. అది బండ్లు తోలువారితోపాటు, రాత్రివేళ పనిలోనున్న కూలివానికి కూడ చేరవలెను. రాత్రి మగ్గము నడపువారున్న మన యిండ్లలో ఈ మాటకు వేరుగా వివరణ అక్కరలేదు.