పుస్తకముల అంగడిలో ఒక పూట

అంగడికి పోవువారు రెండు తెఱగులవారు. కావలసిన వస్తువును పేరుపెట్టి యడిగి, వెల చెల్లించి, వెంటనే మరలువారు కొందఱు. ఏది కొనవలెనో నిశ్చయించుకొనక, అన్నియు చూచుచు తిరుగువారు మఱికొందఱు. ఉప్పు పప్పుల విషయమున ఈ రెండవ పద్ధతి ఇల్లు గుల్ల చేయును. పుస్తకముల విషయమున మాత్రము అదియే మేలైనది.

చెన్నపట్టణమున మౌంటురోడ్డున, అనగా నేటి అన్నాసాలైలో, హిగ్గిన్‌బాతమ్స్ పుస్తకశాల కలదు. 1844లో నెలకొన్న యీ సంస్థకు ఇప్పుడున్న తెల్లని భవనము 1904లో ఏర్పడినది. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడువఱకు చెన్నపట్టణము తెలుగువారికిని రాజధానియే గదా! అక్కడ చదువుకొనిన మనవారికి ఆ పుస్తకశాల క్రొత్తది కాదు. ఎత్తైన కప్పు క్రింద, బారులుదీరిన అరల నడుమ నిలుచున్నచో గడియారము మాట మనసునకు తట్టదు.

అట్టి చోట వెదకినది దొరకుటకంటె, వెదకనిది దొరకుటయే మిన్న. కుంపిణీవారి దొరతనమును గూర్చి పరీక్షకు పనికివచ్చు చరిత్రగ్రంథమునకై పోయిన విద్యార్థిని తలపుడు. అతని చేయి ప్రక్కనున్న ఏనుగుల వీరాస్వామయ్యగారి ‘కాశీయాత్ర చరిత్ర’ మీద పడినదనుకొందము. 1830లో చెన్నపట్టణము విడిచి, కాశికేగి, 1831లో మరలివచ్చిన పెద్దమనిషి దారిలోని యూళ్లను, సత్రములను, నదులను, జనుల యాచారములను వ్రాసికొన్న గ్రంథమది, 1838లో అచ్చయినది. నాలుగు పుటలు త్రిప్పునప్పటికి, పాఠ్యపుస్తకములో తేదీలుగా నిలిచిపోయిన కాలము ఆ విద్యార్థి యెదుట బాటసారులతో కదలాడును. ఈ గ్రంథమును అతడు అడిగి తెప్పించుకొనగలడా? పేరే వినలేదు గదా!

చిక్కంతయు ఇక్కడనే యున్నది. నేడు పేరు చెప్పినచో పుస్తకము ఇంటి వాకిటికే వచ్చును. సెల్‌ఫోనులో వెదకుట మిక్కిలి సుకరము. దానిని నిందింప బనిలేదు. కాని తెలిసిన పేరునే మనము వెదకగలము. ఇదివఱకు కొన్నదానిని బట్టి అట్టిదానినే ఆ యంత్రము మరల చూపును. అంగడిలోని అరలు అట్లు కావు. వ్యాకరణము నుండి నాలుగడుగులు వేసినచో వైద్యము, ఇంకను సాగినచో పక్షిశాస్త్రము కంటబడును.

మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధిపతిగా 1924లో నియుక్తులైన ఎస్. ఆర్. రంగనాథన్‌గారు గణితోపాధ్యాయులుగా నుండి ఆ పదవికి వచ్చినవారు. 1931లో వారు ప్రకటించిన పంచసూత్రములలో రెండవది ప్రతి పాఠకునికి వాని పుస్తకము దక్కవలెననును. మూడవది ప్రతి పుస్తకమునకు దాని పాఠకుడు దొరకవలెననును. ఈ మూడవ సూత్రము నెఱవేఱుటకు గ్రంథాలయములలో అరలు తెఱచియుండవలెనని వారు పట్టుబట్టిరి. లండనులో చదువుచున్న కాలమున ఒక పెద్ద అంగడిలో వారు చూచిన పిల్లల ఆటవస్తువు, ముక్కలు బిగించి పలు రూపములు చేయునట్టిది, వారి గ్రంథవర్గీకరణ పద్ధతికి ప్రేరణమైనది. అంగళ్లలో కన్నులు తెఱచి తిరుగుట వృథాకాలక్షేపము కాదనుటకు వేఱు సాక్ష్యమేల?

ఉపాధ్యాయ సోదరులకు ఒక మనవి. నిర్ణీత పాఠ్యగ్రంథములు, వాని ప్రశ్నోత్తరమాలికలు తప్ప మఱొక పుస్తకమును ముట్టకయే బడి విడుచు పిల్లలు మన కన్నులయెదుటనే యున్నారు. ఏడాదికొకసారి వారిని పెద్ద పుస్తకశాలకు గొనిపొండు. 1989లో మొదలైన విజయవాడ పుస్తక మహోత్సవమును ఇందుకు తగిన తావు. ఇది కొనుము, అది కొనుము అని ఆజ్ఞాపింపక, ఎన్నడును పేరు వినని మూడు గ్రంథములను తెఱువుమనుడు. పీఠికలో కొంత, విషయసూచిక, నడుమనొక పుట చదివినచో, ఆ పుస్తకము తనదగునో కాదో పిల్లవానికే తెలియును.

విద్యార్థులారా! పుట మడవకుడు; తీసిన పుస్తకమును తీసిన చోటనే పెట్టుడు. పూటంతయు చదివిన పిదప చిన్నదైనను ఒకటి కొనుడు. 1948లో బొంబాయిలో వెలసి, ఎందఱో చదువరులను పెంచిన స్ట్రాండ్ పుస్తకశాల 2018లో మూతపడినది. నాడు విచారించినవారు పెక్కురు. కాని విచారము అంగడి అద్దెను చెల్లింపదు. అరలు తెఱచియుండవలెనన్నచో మన డబ్బుసంచియు అప్పుడప్పుడు తెఱచుకొనవలెను.