కరోనా వెళ్ళిపోయింది, ఇంటి భారం ఎవరి మీద మిగిలింది?



మన దేశంలో మొదటి కరోనా కేసు 2020 జనవరి 30న కేరళలో బయటపడింది. అదే సంవత్సరం మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని మహమ్మారి అన్నది. ఇది ఇక అంతర్జాతీయ అత్యవసర పరిస్థితి కాదని 2023 మే 5న అదే సంస్థ ప్రకటించింది. ఈ మధ్యలో, ప్రభుత్వ లెక్కల ప్రకారమే, మన దేశంలో 5 లక్షల 30 వేల మందికి పైగా చనిపోయారు.

జబ్బు తగ్గింది గాని అది తెచ్చిపెట్టిన కష్టాలు చాలా ఇళ్ళలో అలాగే ఉన్నాయి. అవి ఎక్స్‌రేలో కనబడవు, రక్త పరీక్షలో తేలవు. ఓ.పి.లో బి.పి. చూస్తూ "ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదమ్మా?" అని అడిగినప్పుడు మాత్రం బయటకు వస్తాయి. "తీరిక దొరకలేదు సిస్టర్" అని ఒకరు, "వస్తే కూలి పోతుంది సిస్టర్" అని ఒకరు, "అప్పు తీరాక చూపించుకుందామనుకున్నాను" అని మరొకరు అంటారు. ఈ జవాబులు మేము ఎక్కువగా స్త్రీల నోటనే వింటున్నాము. కరోనా కాలంలో వారి మీద పడిన బరువు ఆ కాలంతో పోలేదు. దాన్ని గుర్తించి పంచుకుంటేనే కుటుంబం నిజంగా కోలుకున్నట్లు.

ఇంటిపని లెక్క

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలై మే 31 వరకు సాగింది. అందరూ ఇంట్లోనే ఉన్నారు. మూడు పూటలా వంట, రెట్టింపు గిన్నెలు, పిల్లల చదువు, ముసలివారి మందులు, కూరగాయలను కడగడం, ఎవరికైనా జ్వరం వస్తే వేరే గదికి పళ్ళెం అందించడం, ఇవన్నీ ఎక్కువ ఇళ్ళలో ఇల్లాలి మీదనే పడ్డాయి. కొందరు మగవారు ఆ రోజుల్లో వంట నేర్చుకున్నారు, ఇల్లు ఊడ్చారు. అది చూసి ఇకమీదట మార్పు వస్తుందని మనమందరం అనుకున్నాము.

మార్పు వచ్చిందా? దేశవ్యాప్తంగా ప్రభుత్వం చేసిన సర్వే ఈ సంగతి చెబుతుంది. కరోనాకు ముందు 2019లో ఇంటిపని చేసే స్త్రీ రోజుకు సగటున 299 నిమిషాలు, అంటే దాదాపు 5 గంటలు, జీతం లేని ఆ పనికి వెచ్చించేది. ఇంటిపనిలో చెయ్యి వేసే మగవారు నలుగురిలో ఒకరే. ఆ ఒక్కరూ వెచ్చించినది 97 నిమిషాలు. 2024లో మళ్ళీ లెక్కించారు. స్త్రీలది 289 నిమిషాలు, మగవారిది 88 నిమిషాలు. లాక్‌డౌన్‌లో నేర్చుకున్న వంట లాక్‌డౌన్‌తోనే ఆగిపోయినట్లుంది.

ఇది ఆరోగ్యానికి సంబంధించిన విషయం కాదని అనుకోవద్దు. తెల్లవారుజామున 4 గంటలకు లేచి, రాత్రి 11 గంటలకు పడుకునే స్త్రీకి బి.పి. మాత్ర వేసుకోవడం గుర్తుండదు. అందరూ తిన్నాక మిగిలినది తింటే రక్తం పట్టదు. 2019లో మన రాష్ట్రాలలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇది కరోనా రాకముందు సంగతి. అంటే అప్పటికే నీరసంగా ఉన్న ఒంటి మీద కొత్త బరువు పడిందన్నమాట.

కరోనా వచ్చి తగ్గిన తరువాత నెలల తరబడి అలసట, ఆయాసం, మతిమరుపు ఉంటే దాన్ని లాంగ్ కోవిడ్ అంటారు. ఇది మగవారిలో కన్నా స్త్రీలలో ఎక్కువగా కనబడింది. "ఊరికే నీరసమంటుంది" అని ఇంట్లో విసుక్కోకండి. ఆ నీరసం నటన కాదు.

సంపాదించే స్త్రీ

లాక్‌డౌన్ వచ్చిన రోజునుండి హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం అపార్ట్‌మెంట్లలో ఇంటిపని చేసే స్త్రీలను గేటు దగ్గరే ఆపేశారు. కొందరికి ఆ నెల జీతం ఇచ్చారు, చాలామందికి ఇవ్వలేదు. పెళ్ళిళ్ళు లేక బట్టలు కుట్టేవారి మిషన్లు ఆగిపోయాయి. ప్రైవేటు బడులలో పనిచేసే టీచర్లకు జీతాలు నిలిచిపోయాయి. వారి అవస్థ చూసి తెలంగాణ ప్రభుత్వం 2021 ఏప్రిల్‌లో నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇవ్వడం మొదలుపెట్టింది. కేంద్ర ప్రభుత్వం 2020లో స్త్రీల జన్‌ధన్ ఖాతాలలో నెలకు 500 రూపాయల చొప్పున మూడు నెలలు వేసింది. ఆ డబ్బు బియ్యానికి, పప్పుకు కాస్త ఆసరా అయింది గాని పోయిన పనిని తిరిగి తేలేదు.

ఇప్పుడు పనిచేసే స్త్రీల సంఖ్య పెరిగిందని వింటున్నాము. అది నిజమే. ప్రభుత్వ కార్మిక సర్వేలో 15 ఏళ్ళు పైబడిన స్త్రీలలో పనిలో ఉన్నవారు, పని వెదుకుతున్నవారు కలిపి 2019-20లో 30 శాతం ఉంటే, 2023-24లో 41.7 శాతం ఉన్నారు. కాని ఆ పని ఎటువంటిదో కూడా చూడాలి. 2023-24లో పనిచేసే స్త్రీలలో 67.4 శాతం మంది స్వయం ఉపాధిలో ఉన్నవారే. వారిలో సగానికి పైగా ఇంటివారి పొలంలోనో కొట్టులోనో చేతికి జీతం రాకుండా సాయం చేసేవారు. పని పెరిగింది గాని ఆమె చేతిలో పైసలు అంతగా పెరగలేదు. చేతిలో తన డబ్బు లేని స్త్రీ, తన జబ్బుకు ఆసుపత్రికి రావాలన్నా ఇంకొకరిని అడగవలసిందే.

అప్పు, తాకట్టు, కాగితాలు

2021 ఏప్రిల్, మే నెలల రెండవ దశను మనం మరచిపోలేము. బెడ్ కోసం, ఆక్సిజన్ సిలిండర్ కోసం ఎంతోమంది పుస్తెలతాడు తప్ప మిగిలిన బంగారమంతా తాకట్టు పెట్టారు. కొందరు అది కూడా పెట్టారు. 2020 మార్చి నుండి ఆగస్టు వరకు బ్యాంకు వాయిదాలు కట్టనవసరం లేదని రిజర్వు బ్యాంకు వీలు కల్పించినా, ఆ నెలలకు కూడా వడ్డీ పడింది. డ్వాక్రా సంఘాల స్త్రీలకు ఈ సంగతి తరువాత పాసుపుస్తకం చూస్తే గాని తెలియలేదు.

కరోనాతో చనిపోయినవారిలో మగవారే ఎక్కువ. అందువల్ల ఎన్నో ఇళ్ళలో 30, 40 ఏళ్ళ స్త్రీలు ఒక్కసారిగా యజమానురాళ్ళు అయ్యారు. భర్త ఏ బ్యాంకులో ఎంత అప్పు చేశాడో, ఏ పాలసీ కట్టాడో వారికి తెలియదు. కడసారి ముఖం కూడా చూడనివ్వలేదు. సమాధి కార్యక్రమానికి నలుగురైదుగురే వెళ్ళారు. మన సంఘాలలో మామూలుగా నలభై దినాలు ఇంటికి వచ్చి ఆదరించే బంధువులు, స్త్రీల సమాజం వారు ఆ కాలంలో రాలేకపోయారు. ఏడవడానికి కూడా తోడు దొరకని ఆ దుఃఖం సంవత్సరాల తరువాత నిద్రలేమిగా, గుండెదడగా మా దగ్గరకు వస్తోంది.

కరోనాతో చనిపోయిన ప్రతి వ్యక్తి కుటుంబానికి 50,000 రూపాయలు ఇవ్వాలని 2021లో నిర్ణయమైంది. పరీక్ష రిపోర్టు, మరణ ధ్రువపత్రం ఉన్నవారు తెచ్చుకోగలిగారు. కాగితం లేనివారిలో చాలామందికి అది అందలేదు. తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్న పిల్లలకు 2021 మే 29న కేంద్రం ఒక పథకం ప్రకటించింది. అందులో నమోదైన పిల్లలకు 23 ఏళ్ళు వచ్చాక 10 లక్షల రూపాయలు అందుతాయి. అటువంటి పిల్లలను పెంచుతున్న అమ్మమ్మలు, మేనత్తలు ఆ ఖాతా కాగితాలను జాగ్రత్తగా ఉంచాలి. ఆ డబ్బు ఆ బిడ్డది.

ఆడపిల్లల చదువు

2020 మార్చిలో మూసిన బడులు ఆంధ్రప్రదేశ్‌లో 9, 10 తరగతులకు ఆ సంవత్సరం నవంబరు 2న, తెలంగాణలో 2021 ఫిబ్రవరి 1న తెరిచారు. చిన్న తరగతులవారు ఇంకా ఎక్కువ కాలం ఇంట్లోనే ఉన్నారు. ఇంట్లో ఒకటే ఫోను ఉంటే అది ముందు కొడుకు చేతికి వెళ్ళింది. ఆడపిల్ల తల్లికి సాయంగా వంటింట్లోకి, తండ్రితోపాటు మిర్చి కోతకు వెళ్ళింది. అప్పుడు తప్పిన చదువును కొందరు మళ్ళీ అందుకోలేదు.

చదువు ఆగిన పిల్లకు తరువాత వినిపించే మాట పెళ్ళి. కరోనాకు ముందే, 20 నుండి 24 ఏళ్ళ స్త్రీలలో 18 నిండకుండా పెళ్ళయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం ఉన్నారు. 16, 17 ఏళ్ళ తల్లి, బరువు తక్కువ బిడ్డ, కాన్పులో రక్తస్రావం అంటే ఏమిటో లేబర్ రూములో పనిచేసే మాకు తెలుసు. అందుకే ఈ మాట గట్టిగా చెబుతున్నాము.

నర్సులు, ఆశాలు కూడా పనిచేసే స్త్రీలే

ఫ్లారెన్స్ నైటింగేల్ పుట్టి 200 సంవత్సరాలైన సందర్భంగా 2020ని ప్రపంచ ఆరోగ్య సంస్థ నర్సులు, మంత్రసానుల సంవత్సరంగా పాటించింది. ఆ సంవత్సరమే దేశంలో కొన్నిచోట్ల ఇంటి యజమానులు నర్సులను గదులు ఖాళీ చేయమన్నారు. ఆరోగ్య సిబ్బందిపై దాడి చేసినవారిని శిక్షించడానికి 2020 ఏప్రిల్ 22న ప్రత్యేక ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. ఎండాకాలంలో పి.పి.ఇ. కిట్ వేసుకుని ఆరేడు గంటలు మంచినీళ్ళు కూడా తాగకుండా డ్యూటీ చేసి, పాలు తాగే పిల్లలను వారాల తరబడి అమ్మమ్మల దగ్గర వదిలిన సిస్టర్లు ఉన్నారు. ఇంటింటికీ తిరిగిన ఆశా కార్యకర్తలను 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సన్మానించింది. చప్పట్లు కొట్టారు, సంతోషమే. కాని ఇంటికి వెళ్ళాక వారు కూడా అదే పొయ్యి వెలిగించాలి.

మనం ఏమి చేయవచ్చు?

1. ఇంటిపనిని వారానికి ఒకసారి అందరూ కూర్చుని పంచుకోండి. నీళ్ళు పట్టడం, గిన్నెలు తోమడం, ముసలివారికి మందులు ఇవ్వడం మగపిల్లలకు కూడా నేర్పండి.

2. 30 ఏళ్ళు దాటిన ప్రతి స్త్రీ సంవత్సరానికి ఒకసారి బి.పి., షుగరు, రక్త శాతం చూపించుకోవాలి. రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలు ఎప్పుడెప్పుడు చేయించుకోవాలో డాక్టరుగారిని అడగండి. భర్త పరీక్షకు వచ్చే రోజే భార్యకు కూడా చేయిస్తే రెండు పనులు ఒకే ప్రయాణంలో అవుతాయి.

3. ఇంట్లో ఎవరైనా చనిపోతే 21 రోజులలోపు నమోదు చేయించండి. ఆధార్, పాసుపుస్తకం, పాలసీ, అప్పు కాగితాలు ఎక్కడున్నాయో భార్యాభర్తలిద్దరికీ తెలియాలి.

4. భర్త పోయిన స్త్రీకి పింఛను ఆమె హక్కు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలైలో అది నెలకు 4,000 రూపాయలు అయింది. రానివారు సచివాలయంలో అడగండి.

5. 18 నిండని ఆడపిల్లకు పెళ్ళి తలపెడితే 1098కి ఫోను చేయవచ్చు. మీ పేరు బయటపెట్టరు.

6. ఇంట్లో కొట్టడం, తిట్టడం జరుగుతుంటే 181కి చెప్పండి. 2005 గృహహింస చట్టం స్త్రీకి అదే ఇంట్లో ఉండే హక్కు ఇస్తుంది.

7. నిద్ర పట్టకపోయినా, బ్రతకాలనిపించకపోయినా 14416కి ఫోను చేయండి. ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు.

8. స్త్రీల సమాజం వారు 2020, 2021లో ఆదరణ అందని ఇళ్ళను ఇప్పుడైనా దర్శించండి. ఆలస్యమైందని మానవద్దు. ఒక పూట వంట చేసిపెట్టినా, పిల్లల ఫీజు గురించి అడిగినా అది మందు వంటిదే.

ఓ.పి.కి వచ్చినప్పుడు మీ జబ్బుతో పాటు ఇంటి కష్టం కూడా మా సిస్టర్లతో చెప్పవచ్చు. ఆ మాట గది దాటి పోదు. ఈ పత్రికను ఇంటికి తీసుకువెళ్ళి, ఇంట్లో మగవారికి కూడా చదివి వినిపించవలసిందిగా కోరుతున్నాము.