కంపెనీ చేతులు మారుతుంటే.. చిన్న వాటాదారుడి ఓటుకు విలువెంత?

చేతిలో ఉన్నవి యాభయ్యో వందో షేర్లు. ఆ కంపెనీని మాతృసంస్థ పూర్తిగా సొంతం చేసుకుంటానంటోంది. ‘ఈ-ఓటింగ్‌లో పాల్గొనండి’ అంటూ మెయిల్ వచ్చింది. ‘మన ఓటుతో ఏమవుతుందిలే’ అనుకుని చాలామంది దాన్ని తెరవకుండానే వదిలేస్తారు. ఆ ఓటుకున్న బలమేమిటో, పరిమితులేమిటో ఐసీఐసీఐ సెక్యూరిటీస్ ఉదంతం చూస్తే అర్థమవుతుంది.

ఈ బ్రోకింగ్ సంస్థ 2018లో రూ.520 ధరతో పబ్లిక్ ఇష్యూకు వచ్చింది. ఐదేళ్లు తిరిగేసరికి, 2023 జూన్‌లో, దాన్ని స్టాక్ మార్కెట్ నుంచి డీలిస్ట్ చేసి నూరు శాతం అనుబంధ సంస్థగా మార్చుకోవాలని ఐసీఐసీఐ బ్యాంక్ నిర్ణయించింది. అప్పటికే బ్యాంకుకు అందులో దాదాపు 75 శాతం వాటా ఉంది. మిగతా వాటాదారులకు నగదు బదులు, ప్రతి 100 షేర్లకు 67 బ్యాంకు షేర్లు ఇస్తామని ప్రకటించింది.

ధర నిర్ణయించేదెవరు?

మామూలు డీలిస్టింగ్‌లో రివర్స్ బుక్ బిల్డింగ్ పద్ధతి ఉంటుంది. షేరును ఎంతకు ఇస్తారో వాటాదారులే చెప్పవచ్చు. ఐసీఐసీఐ సెక్యూరిటీస్ మాత్రం సెబీ మినహాయింపుతో షేర్ల మార్పిడి స్కీమ్ దారి పట్టింది. ఇందులో నిష్పత్తి ముందే ఖరారవుతుంది. వాటాదారుడు ‘సరే’ అనాలి లేదా ‘వద్దు’ అనాలి, అంతే.

ఓపెన్ ఆఫర్‌కూ దీనికీ మరో ముఖ్యమైన తేడా ఉంది. ఓపెన్ ఆఫర్ ధర నచ్చకపోతే షేర్లు అట్టే పెట్టుకోవచ్చు. స్కీమ్ నెగ్గితే మాత్రం ‘వద్దు’ అన్నవారి షేర్లు కూడా మారిపోతాయి.

ఓట్ల లెక్క ఇలా

స్కీమ్ రెండు పరీక్షలు దాటాలి. కంపెనీల చట్టం ప్రకారం, ఓటేసినవారి వాటాల విలువలో నాలుగింట మూడు వంతులు అనుకూలంగా ఉండాలి. ఇందులో ప్రమోటర్ ఓటు కూడా కలుస్తుంది కాబట్టి ఇది పెద్ద అడ్డంకి కాదు. అసలు పరీక్ష సెబీ పెట్టిన రెండోది. పబ్లిక్ వాటాదారుల్లో అనుకూల ఓట్లు వ్యతిరేక ఓట్లకు కనీసం రెట్టింపు ఉండాలి. అంటే ఒక్క ‘వద్దు’ను దాటడానికి రెండు ‘సరే’లు కావాలి. లెక్కలోకి వచ్చేవి పోలైన ఓట్లే. ఓటేయని షేరు ఎటువైపూ ఉండదు.

2024 మార్చిలో జరిగిన ఓటింగ్‌లో పబ్లిక్ వాటాదారుల ఓట్లలో దాదాపు 72 శాతం అనుకూలంగా వచ్చాయి. స్కీమ్ గట్టెక్కింది. లోపలి లెక్క మాత్రం వేరు. మ్యూచువల్ ఫండ్ల వంటి సంస్థల ఓట్లలో సుమారు 84 శాతం ‘సరే’ అన్నాయి. సంస్థేతర వాటాదారుల ఓట్లలో మూడింట రెండు వంతులకు పైగా ‘వద్దు’ అన్నాయి. ఇక్కడ తలకో ఓటు కాదు, షేరుకో ఓటు. అందుకే పెద్ద సంస్థల మాటే నెగ్గింది. ఓటింగ్ వేళ బ్యాంకు సిబ్బంది వాటాదారులను సంప్రదించిన తీరుపై సెబీ ఆ తర్వాత బ్యాంకును హెచ్చరించింది కూడా.

ఏం చూసి ఓటేయాలి?

మొదట నిష్పత్తిని రూపాయల్లోకి మార్చుకోవాలి. బ్యాంకు షేరు రూ.1,000 అనుకుంటే, 67 శాతం లెక్కన చేతిలోని షేరుకు దక్కేది రూ.670. మార్కెట్ ధర దీనికి అటో ఇటో ఉందన్నది మొదటి ప్రశ్న. ఇదే వ్యాపారంలో ఉన్న ఇతర లిస్టెడ్ కంపెనీలతో పోలిస్తే ఆ విలువ సబబేనా అన్నది రెండోది. నిష్పత్తి చాలదన్నవారి వాదనంతా దీని చుట్టూనే తిరిగింది. ఇక మూడోది: బ్రోకింగ్ సంస్థ కోసం పెట్టిన డబ్బు బ్యాంకులో ఉండటం తనకు సమ్మతమేనా? కాకపోతే ముందే మార్కెట్‌లో అమ్ముకోవడం ఒక దారి. నోటీసుతో పాటు వచ్చే విలువ నిర్ధారణ వివరాలు, ప్రాక్సీ సలహా సంస్థల అభిప్రాయాలు ఈ ప్రశ్నలకు జవాబు వెతుక్కోవడానికి పనికొస్తాయి.

‘తర్వాత కోర్టులో చూసుకుందాం’ అనుకునేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. చట్టం ప్రకారం స్కీమ్‌పై అభ్యంతరం చెప్పాలంటే కనీసం 10 శాతం వాటా ఉండాలి. ట్రైబ్యునల్‌కు వెళ్లిన క్వాంటమ్ మ్యూచువల్ ఫండ్‌కు, ఒక వ్యక్తిగత మదుపరికి ఈ నిబంధనే అడ్డొచ్చింది. 2025 మార్చిలో ఐసీఐసీఐ సెక్యూరిటీస్ షేరు మార్కెట్ నుంచి తప్పుకుంది. వంద షేర్లున్నవారికి తమ మాట లెక్కలోకి వచ్చే చోటు ఆ ఈ-ఓటింగ్ మెయిలే. దానికీ గడువు కొద్ది రోజులే.